బోరుకాడ కాపలా

పామిడి శివారులో నారాయణప్ప ఇల్లు, ఇంటి వెనకే చేను. పదకొండింటికి ఆయన కూతురు హేమావతికి ల్యాప్‌టాప్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూ. నెట్ బాగుచేయడానికి ఆరీఫా వచ్చింది. మగవాణ్ణి పంపలేదని పెద్దాయనకు ఒళ్ళు మండిపోతోంది.

“మీ ఆఫీసులో మగోళ్ళే ల్యారా? ఆడపిల్లను పంపినారు!”

“స్తంభాలెక్కేది కూడా నేనే, పెద్దాయనా. నెట్‌కు ఏమైంది?”

“ఏమైందా? నూరు స్పీడంటారు, మా పాప మొగం తెరమీద బొమ్మ మాదిరి నిలబడిపోతాంది. మూడునూర్ల స్పీడ్ ఎయ్యి పో! నారాయణప్పకు దుడ్లకు కొదవ ల్యా.”

“నాయనా, ఆయమ్మను చూడనీ.”

“నువ్వు ఊరికే ఉండు మే. వాళ్ళిచ్చే బిచ్చానికి ఇంత హంగామా! బోరు రెండించుల నీళ్ళు పోస్తాంటే ఉద్యోగమెందుకంటే వినవు.”

“పోస్తాందో ల్యాదో నన్ను చేన్లోకి పోనిస్తే కదా.”

“హాస్టల్లో మూడేండ్లుండి మొన్న దిగినావు. చేని సంగతి నీకెందుకు?”

“అక్కా, మీ ఇంటికొచ్చే స్పీడ్ నూరు బాగానే ఉండాది. మీకాడ్నుంచి బయటికి పోయేది, అప్‌లోడు, అది పదే. మీ మొగం, మీ మాట ఆ పదిలోనే పోవల్ల. దాంట్లో తొమ్మిది ఏదో తింటాంది.”

“తింటాందంట! నెట్ తినేదానికి అదేమన్నా మేకనా?”

“ఈ నెట్ పెట్టెకు నాలుగు కెమెరాలు తగిలించినారే, అవి యాడుండాయి?”

“అవి... అవి నీకెందుకు?”

“రాత్రీ పగలూ వీడియో పంపుతానే ఉండాయి. అవే తింటాండేది.”

“నాలుగూ బోరుకాడే, ఆరీఫా. మా నాయనే పెట్టించినాడు.”

“ఒక్క బోరుకు నాలుగా? బ్యాంకుకు కూడా ఇంత కాపలా ఉండదు, పెద్దాయనా.”

“మోటరు వైర్లు కోసుకపోయేటోళ్ళుండారు ఈడ! నీకేం తెలుసు?”

“ఒక్క గంట ఆపండి చాలు.”

“ఆపేదే ల్యా.”

“పట్టపగలు దొంగ ఎవడొస్తాడు నాయనా?”

“పక్క చేని రంగన్న ఉండాడు కదా! కెమెరా లైట్లు ఆరిపోతే, కాపలా ఎందుకు తీసేసినాడబ్బా అని...”

“అని?”

“ఏం ల్యా. పిల్లా, పెట్టె మార్చు, వైరు మార్చు. కెమెరాల జోలికి మాత్రం పోవద్దు.”

“పదకొండైంది, వాళ్ళొచ్చినారు! హలో సార్... నా మాట వినపడుతోందా సార్? ...నాయనా, ముక్కలు ముక్కలుగా పోతాందంట! రెండు నిమిషాల్లో సరికాకుంటే ఇంకొకర్ని పిలుస్తారంట!”

“పిలుచుకోనీ. ముష్టి ఉద్యోగం.”

“పెద్దాయనా, కెమెరాల ప్లగ్గు నా చేతిలో ఉండాది. ఊ అనండి.”

“ఊహూ.”

“నాయనా, నీకు దండం పెడతా!”

“పీకు పిల్లా, పీకు! ఆ బోరు ఉగాదికే ఎండిపాయ. పాపా, వాళ్ళు ఎంత జీతం చెప్పినా ఊ అను.”