అద్దంలో మొహం

పొద్దున్నే పోయిన పెద్దాయనకు గడ్డం గీయడానికి, ఎప్పుడూ క్షవరం చేసే అతనే ఇంటికొచ్చాడు. పెద్దాయన భార్య మంచం పక్కన కూర్చుంది.

“ఏం, చెయ్యి ఆగిపోయింది?”

“ఎవరో కొత్తాయనలా ఉన్నారమ్మా. ఇన్నేళ్లూ కుర్చీ వెనక నిలబడి, అద్దంలో మొహంతోనే కబుర్లాడాను. ఈ మచ్చ అందులో అటుపక్క ఉండేది.”

“ఉండు, అద్దం తెస్తాను... కనిపిస్తోందా?”

“ఆఁ, ఇప్పుడు మా సారే.”

“ఆయన కూడా తన మొహం అద్దంలోనే చూసుకున్నారు. ఎదురుగా చూసింది నేనొక్కదాన్నేనేమో.”

“అయిపోయిందమ్మా. ఎప్పుడూ బాగుందా సార్ అని అడిగేవాణ్ణి.”

“ఏమనేవారు?”

“ఏదో ఒక వంక పెట్టేవారు. కబుర్లింకా అవలేదని.”

“అయితే మీసం ఎడమవైపు కాస్త ఎక్కువుంది. సరిచెయ్యి. తొందరేం లేదు.”