చేతులు మాత్రం శుభ్రం

ఏటేటా జరిగే రేడియేషన్ భద్రత శిక్షణ ముగిసి అందరూ వెళ్ళిపోయారు. ప్రయోగశాలలో మీటరు పట్టుకున్న భద్రతాధికారి, ఆయన ముందు చేతులు చాచిన పరిశోధకురాలు మిగిలారు. ఆమె ప్రాణమంతా ఇంటి మీదే ఉంది.

"త్వరగా కానివ్వండి సార్. ఏళ్ళ తరబడి వింటున్న పాఠమే, చిలకలా అప్పజెప్పగలను."

"చిలకకీ అన్నీ వచ్చమ్మా, పిల్లి వచ్చినప్పుడే మరిచిపోతుంది. ఏదీ, అరచేతులు తిప్పు."

"చూశారా, మీ మీటరు కిమ్మనలేదు. తొడుగులు లేనిదే నేను రేడియోధార్మిక ద్రవం సీసా ముట్టుకోను."

"చేతులు శుభ్రం. కోటు శుభ్రం. ఆ బల్లమీదిది?"

"నా ఫోను సార్."

మీటరు ఫోను దగ్గరికి వెళ్ళగానే పేలాలు వేగినట్టు చిటపటలాడింది.

"తొడుగులతోనే ఫోనెత్తావా తల్లీ?"

"మొన్న ఒక్కసారి సార్. పాప ఏడుస్తోందని అమ్మ చేసింది. ఒక్క మాటకి తొడుగులు విప్పి, మళ్ళీ వేసుకోవడం ఎందుకులే అని..."

"తొడుగు నీ చేతిని కాపాడింది. మరి ఫోనుని? దానికంటినది దానిమీదే ఉంది. ఇంట్లో ఇంకెవరు పట్టుకుంటారు దీన్ని?"

చాచిన చేతులు దించడం ఆమె మరిచిపోయింది.

"పాప సార్. ఇది చేతికిస్తే గానీ ముద్ద మింగదు."

"పట్టుకుని చూస్తుంది, అంతేనా?"

ఫోను మోగింది. ఇంటి నుంచి. ఇద్దరిలో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

"పళ్ళొస్తున్నాయి సార్," అంది ఆమె. "ఏది దొరికితే అది కొరుకుతోంది."