సందేహాలు చివర్లో

సైన్సు మేడమ్ ఇంటి ముందుగది. టీచర్లకి ఆన్‌లైన్ పాఠాలు చెప్పడం నేర్పే అమ్మాయి, ఒళ్లో ల్యాప్‌టాపు, చేతిలో స్కూలువాళ్లిచ్చిన ఫారం పెట్టుకుని పావుగంటగా నసుగుతోంది.

"అదికాదు మేడమ్, మీరు పాఠాలు చెప్పలేదని ఎవరూ అనట్లేదు."

"మరేమంటున్నారు?"

"పిల్లలకి అందలేదంటున్నారు. పదహారు రోజులు. ఒక్క రోజు కూడా."

"రోజూ పదింటికల్లా కూర్చుంటున్నానే."

"కూర్చుంటున్నారు. ఇదిగో, ఇందులో అంతా పడింది. కానీ మీరు కూర్చునేది ప్రాక్టీసు గదిలో మేడమ్. శిక్షణప్పుడు మనం వాడుకున్నామే, ఆ ఉత్తుత్తి గది. పిల్లలుండేది వేరే గది."

"ఓహో."

"ఓహో ఏంటి మేడమ్! పదహారు రోజులు మీరు ఖాళీ గదికి పాఠం చెప్పారు."

"పిల్లలెవరూ చెప్పలేదేం?"

"క్లాసు లేదంటే ఏ పిల్లలు చెప్తారు మేడమ్? హాయిగా పడుకున్నారు. ఎవరి తల్లో నిన్న స్కూలుకి ఫోన్ చేస్తే బయటపడింది. హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి ఒకటే మాటన్నారు. తప్పు శిక్షణలోదా, టీచరుదా, సాయంత్రంలోగా రాసి తెమ్మన్నారు."

"రాయి."

"ఏమని రాయను? శిక్షణలోదంటే నా ఉద్యోగం పోతుంది. మీదంటే ఈ క్లాసు మీ దగ్గర్నుంచి తీసేస్తారు. మిమ్మల్ని లైబ్రరీలో కూర్చోబెడతారట."

"లైబ్రరీలో ఫ్యాను బానే తిరుగుతుంది."

"మేడమ్!"

"కాఫీ తాగుతావా?"

"వద్దు మేడమ్. నాకొక్కటి చెప్పండి. అసలు గది లింకు నేను మీకు పంపానా? నిజం చెప్పాలంటే నాకే గుర్తులేదు. మీవారు, మాస్టారు కాలం చేసిన వారం అది. మీకు ఫోన్ చెయ్యడానికే నాకు మొహం చెల్లలేదు. ఆ గొడవలో మర్చిపోయానేమోనని రాత్రంతా..."

"పంపావు. నా ఫోన్లో ఉంది."

"ఉందా?"

"ఉంది. చూడు కావాలంటే."

"హమ్మయ్య... అంటే, హమ్మయ్య అని కాదు మేడమ్. మరి ఉండి కూడా పాత గదిలోకే ఎందుకు వెళ్లారు?"

"అలవాటు. చెయ్యి అటే పోతుంది."

"పదహారు రోజులా?"

"ముప్ఫయ్యేళ్ల నుంచి బోర్డు మీద కుడిచేత్తోనే రాస్తున్నా. అలాగే."

"సరే. ఇంకోటి. రోజూ పాఠం పద్దెనిమిది నిమిషాలకే ఆగిపోతోంది. మామూలుగా నలభై నిమిషాలు కదా? నెట్ పోతోందా?"

"అదే అయ్యుంటుంది."

"రోజూ సరిగ్గా అదే టైముకా?"

"దానికీ ఓ టైము ఉంటుందేమో."

"ఇంకో సంగతి. గది పూర్తిగా ఖాళీ కూడా కాదు మేడమ్. రోజూ ఒకరు వస్తున్నారు."

"ఎవరో పిల్లాడు దారి తప్పి ఉంటాడు."

"పిల్లాడు కాదు. ట్యాబ్ తొమ్మిది. అది స్కూలువాళ్లు మాస్టారికిచ్చింది."

"అవును."

"అది... ఇంట్లోనే ఉందా?"

"లోపలి గదిలో ఉంది, ఆయన కుర్చీలో. ఛార్జింగు పెట్టి ఉంచుతున్నా. స్కూలు వస్తువు, పాడైతే మాటొస్తుంది."

"ఛార్జింగు పెడితే దానంతటది క్లాసులోకి రాదు మేడమ్. ఎవరో ఒకరు నొక్కాలి."

"నేనే నొక్కుతా. క్లాసన్నాక ఒక్కరైనా ఉండాలి కదా."

"మీరేనా మేడమ్?"

"అలా చూడకు. నాకేం మతి పోలేదు. ఆయన లేరని తెలుసు."

"నేనేం అనలేదు మేడమ్."

"ఆ పద్ధతి నువ్వు పెట్టిందేగా. ఇద్దరిద్దరు జతకట్టండి, ఒకరు టీచరు, ఒకరు స్టూడెంటు అన్నావు. ఆయన లెక్కల మాస్టారైతేనేం, నా క్లాసులో వెనకబెంచీ వెధవ అయిపోయారు."

"గుర్తుంది. సందేహాల పెట్టెలో ఏవేవో రాసేవారు. 'టీచర్, బాత్రూమ్‌కి వెళ్లొచ్చా' అని."

"'పక్కవాడు గిల్లుతున్నాడు' అని."

"నేనైతే పొట్ట పట్టుకుని నవ్వాను మేడమ్. మీకు మాత్రం కోపమొచ్చేది."

"రాదా మరి? పాఠం మధ్యలో ఎర్రచుక్క టంగుమని వెలిగితే మాట ఆగిపోయేది. నిన్ను అడిగాను కూడా."

"అడిగారు. నేనే చెప్పాను, సందేహాలు చివర్లో చూసుకోండి, మధ్యలో ఆగితే పిల్లలు చెయ్యి జారిపోతారని. అందరికీ అదే చెప్తాను."

"మంచి పద్ధతే. పిల్లల మైకులు ఆపెయ్యమన్నావు, అదీ మంచిదే. గోల ఉండదు."

"అవును మేడమ్."

"ఇద్దరూ ఒకే గదిలో ఉంటే కీచుమని మోగుతుంది, మధ్యలో తలుపేసుకోండి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి అన్నావు. నేనన్నీ ఒకటి రెండు అని నోటుబుక్కులో రాసుకున్నా. ఆయన నవ్వారు. ఈ వయసులో ఫస్టు ర్యాంకు కొడతావా అని."

"మీరే బ్యాచ్‌లో ఫస్టు మేడమ్. నిజంగా."

"ఫారంలో ఇంకేం అడిగారు?"

"ఇంకేం లేదు. జవాబివ్వని సందేహాలు ఎన్ని అని. సున్నా వేసేస్తా... కాదు, ఒకటి చూపిస్తోంది. ట్యాబ్ తొమ్మిది నుంచే. పాతది. నెలన్నర కిందటిది."

"వేళ్లూ, వాటి రకాలూ. ఆ రోజు చెప్పిన పాఠం."

"మీరు దీన్ని తెరవలేదా?"

"చుక్క చూశా. మళ్లీ మొదలెట్టారనుకుని, సందేహాలు చివర్లో అన్నా. పాఠం కానిచ్చా."

"ఆ రోజే కదా మేడమ్, మాస్టారు..."

"ఆ రోజే. తెరువు."

"ఇప్పుడెందుకులెండి."

"ఫారంలో అడిగారన్నావుగా. తెరువమ్మా."

"తెరుస్తున్నా మేడమ్."

"ఎన్నింటికి రాశారు?"

"పదీ పద్దెనిమిదికి."

"నేను పాఠం ముగించి తలుపు తీసేసరికి పదీ నలభై. ఏం రాశారు?"

"మేడమ్, ఒక్క నిమిషం, మంచినీళ్లు..."

"ఇదిగో, బల్లమీదే ఉన్నాయి. తాగు. ఏం రాశారు?"

"ఏం లేదు మేడమ్. చిన్నదే. 'పాఠం బాగుంది' అని రాశారు. 'కానివ్వు' అని."

"బాగుందన్నారా?"

"అవును మేడమ్."

"కానివ్వమన్నారు."

"కానివ్వమన్నారు."

"ముప్ఫయ్యేళ్లలో నా పాఠం బాగుందని ఒక్కసారీ అన్లేదు. సరే. ఏడవకు, ఫారం తడుస్తుంది. ఇలా ఇవ్వు. తప్పు టీచరుదే అని రాసుకో."

"వద్దు మేడమ్. నాదని రాస్తాను. నాదే. అన్నీ నేను చెప్పినవే కదా, తలుపూ, మైకులూ, చివర్లో అనడం..."

"లింకు పంపావు. నేను వెళ్లలేదు. అడిగింది అంతవరకే. ఇంట్లో అమ్మని నువ్వే చూసుకోవాలని శిక్షణప్పుడు అన్నావు కదా, ఉద్యోగం ఉండనీ. సంతకం ఇక్కడేనా?"

"ఇక్కడే. మేడమ్... మాస్టారి ట్యాబు నేను తీసుకెళ్తాను. ఇవాళే. స్కూలువాళ్లు ఎలాగూ అడుగుతారు. మీరు మళ్లీ దాన్ని ముట్టుకోకండి. లోపలున్నవన్నీ తుడిచేసి నేనే అప్పజెప్పేస్తాను."

"ఇప్పుడు తుడిచి ఏం లాభమమ్మా? రోజూ ఛార్జింగు పెట్టేది నేనేగా. 'ఛాతీలో ఎలాగో ఉంది, ఒకసారి ఇటు రా' అని ఆయన రాసింది దాని మీద అలాగే ఉంది. అందుకే ఇప్పుడు పదీ పద్దెనిమిదికల్లా పాఠం ఆపేసి ఆ గదిలోకి వెళ్తున్నా."