కెంచమ్మ చేన్లో గరగర

ఆ మైసూరుపాకు డబ్బా మూసి పక్కన పెట్టప్పా ప్రసాదూ. తుమకూరు నుంచి ఒళ్ళో పెట్టుకోని తెచ్చినావు, నీ అభిమానం గొప్పదే. కానీ నేనేం గెలిచినానని నోరు తీపి చేసుకునేది?

రిపీటర్ శుభ్రంగా ఉండాదంటావు. ఉండాదిలే. పావగడ కోట కొండ మీద మన హ్యామ్ రేడియోవాళ్ళం పెట్టుకున్న పెట్టె, మన చిన్న సెట్ల మాటలు పట్టుకోని దూరానికి అందిస్తాది కదా. ఇన్ని దినాలూ గరగరా గరగరా అని ఒకరి మాట ఒకరికి వినపడనియ్యలేదు. ఇప్పుడు గమ్మునయింది. "యోగానంద కనుక్కున్నాడు, యోగానంద నిలిపినాడు" అని సెట్లలో మీరంతా ఒకటే పొగడ్తలు. విని విని నాకు చెవులు నొప్పెట్టినాయి.

నేను నిలపలేదప్పా.

ఏంది అట్లా చూస్తావు? కనుక్కునింది నేనే, అది నిజం. శివరాత్రికే కనుక్కున్నా. "ఇంకా వెతుకుతా ఉండా" అని మీకు చెప్తా వచ్చిందంతా అబద్ధం. కోప్పడు, కోప్పడు. తుపానొచ్చి ఫోన్లు తెగితే మన సెట్లే దిక్కు అంటావు. నాకు తెలీదా?

ఆ పొద్దు అంగడి మూసి, అల్యూమినియం ఏంటెనా చేత పట్టుకోని, సెట్టు భుజానికి తగిలించుకోని రాయచెర్లు దావలో నడుస్తా ఉండా. ఏంటెనా యా దిక్కుకు తిప్పితే గరగర పెరుగుతాదో ఆ దిక్కుకే పోవడం. ఎండ చూస్తే మాడు పగిలేట్లుండాది. అట్లా తిప్పుకుంటా తిప్పుకుంటా కెంచమ్మ చేన్లోకి దిగినా. మొగుడు పోయిన మనిషి. శెనిక్కాయ ఊడలు దిగే అదును. బోరు చూస్తే చిటికెన వేలంత పోస్తా ఉండాది.

కరెంటు కంబం కింద నిలబడితే సెట్టు ఒకటే అరుపు. పైకి చూస్తే ఏముండాది? తీగకు కొక్కెం! గాలికి ఊగినప్పుడల్లా చిటచిటా నిప్పురవ్వలు. ఆ రవ్వలేనప్పా మన గరగర.

దొంగ కరెంటే, కాదనను. అర్జీ ఇచ్చి ఏండ్లయింది, కనెక్షన్ రాలేదు. అంతవరకు పైరు ఆగుతాదా?

ఎండకని నాకు మజ్జిగ చెంబు తెచ్చిన కెంచమ్మ గూడా నా కండ్లెంబడే పైకి చూసింది. "అయ్యా, నువ్వు కరెంటోడివా?" అనింది.

ఏం చెప్పేది చెప్పు? ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే. మన సీమలో ఆ నుయ్యిలో గూడా నీళ్ళుండవు. ఆయమ్మ భయం చూడలేక నోటికొచ్చింది అనేసినా. "కాదక్కా, నేను బోరుకు నీళ్ళు చూసేటోణ్ణి."

నవ్వద్దప్పా! బజార్లో రేడియోలు బాగు చేసుకునేటోణ్ణి, నీళ్ళు చూసే వంశమా మాది? కానీ వేపపుల్ల పట్టుకోని తిరిగేటోడు ఉన్నాడు, అరచేతిలో టెంకాయ పెట్టుకోని తిరిగేటోడు ఉన్నాడు. నా ఏంటెనా ఇంకో కొత్త రకం అనుకునింది పాపం. ముఖం ఎట్లా విచ్చుకునిందనుకున్నావు! "అయితే సామీ, ఈడ నిలబడితివే, ఈడేనా?" అనింది. తలకాయి ఊపినట్లే ఉండాను. నేను మజ్జిగ తాగే లోపల నా కాళ్ళ కాడ రాయి పెట్టి పసుపు పూసేసింది.

మీకు చెప్పింటే మీరు కరెంటాఫీసుకు రాస్తారు. ఆ పొద్దే తీగ పీకేస్తారు, పైరు పోతాది. అందుకే చెప్పలేదు. గరగర వింటే మీకు చిరాకు. నాకేమో, పోనీలే, ఆడ నీళ్ళు పారుతా ఉండాయి అనిపిస్తా ఉన్నింది.

పోయిన వారం అది ఆగిపోయింది. మీరు సంబరపడినారు. నేను సైకిలెక్కి పోయినా. బోరు ఎండిపోయిందప్పా. మోటారు ఉత్త గాలి లాగుతా ఉంటే ఆయమ్మే కొక్కెం దించేసింది. అదీ నా గెలుపు.

ఇంకా ఉండాది, విను. కాడెద్దులు అమ్మి కొత్త బోరుకు లారీ పిలిపించింది. యాడ వేస్తారనుకున్నావు? ఆ పసుపు రాయి కాడనే. నిజం చెప్పేద్దామని ఈ పొద్దు పొద్దున్నే మళ్ళీ పోయినా. లారీ ముందర టెంకాయ పట్టుకోని నిలబడుండాది. నన్ను చూసి "సామి వచ్చినాడు, ఇంక నీళ్ళు పడినట్లే" అని నలుగురికీ చెప్పింది. టెంకాయ నా చేతికే ఇచ్చింది.

కొట్టినానప్పా. కొట్టి వచ్చేసినా.

యాడికి పోతా ఉండాది నీ చెయ్యి? సెట్టు ఆపద్దు, అట్లే ఉండనీ. నీళ్ళు పడితే మోటారు దించుతారు, ఆయమ్మ మళ్ళీ కొక్కెం తగిలిస్తాది, మన రిపీటర్ మళ్ళీ పాడవుతాది. మీరు తిట్టుకుంటే తిట్టుకోండి. నేను ఆ గరగర కోసమే చెవి పెట్టుకోని కూర్చున్నా.

విను, ఎంత శుభ్రంగా ఉండాదో. నాకు భయమేస్తా ఉండాదప్పా.