ఆరు నల్ల కార్లు, ఒక బస్సు

హలో… ఆ, నేనే. పెళ్ళికూతుర్నే! ఇంకెవరనుకున్నావు, వింగ్‌కిట్?

…గాంగ్‌డింగ్ దగ్గరా? ఇందాక ఫోన్ చేసినప్పుడూ అక్కడే ఉన్నావు కదయ్యా!

…ఆరు కార్లూ ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాయా. భేష్! పూలు కట్టిన నల్ల కార్లే కావాలని పట్టుబట్టిందెవరు?… మీ అమ్మగారు. నేనేమన్నాను?… బస్సులో రమ్మన్నాను. "బస్సు నడిపే పిల్లని చేసుకోవడమే ఎక్కువ, పైగా బస్సులో తెచ్చుకోవాలా!" అన్నారావిడ. నేనేం మర్చిపోలేదు.

—సరే, ఇప్పుడు పోట్లాట వద్దు. పదీ పది అయింది. పదకొండులోపు నేను గడప దాటకపోతే మంచి గడియ పోయినట్టే. మళ్ళీ మూడు నెలలదాకా మంచిరోజు లేదట. అమ్మమ్మ పంచాంగం పట్టుకుని గుమ్మంలోనే కూర్చుంది… నాకు నిజంగానే ఏడుపొస్తోంది.

కారు దిగు.

…దిగమన్నాను! పెళ్ళికొడుకైతే కాళ్ళుండవా? ఎదురుగా వంతెన ఉందా? అదెక్కి రోడ్డు మధ్యలో దిగితే స్టాపు… మళ్ళీ ఇరుక్కోవడమేంటి! బస్సుల దారి బస్సులదే, అందులో కార్లు దూరడానికి లేదు. ఐదేళ్ళుగా నడుపుతున్నాను, నాకు చెప్తావా? మా ఇంటి దగ్గరి చెబేయ్ స్టాపుకి ఇరవై నిమిషాలు, అంతే.

…అమ్మగారు రానంటున్నారా? అయితే కార్లోనే ఉండమను. పెళ్ళి ఫొటోలో ఆవిడ చోటు ఖాళీగా వదిలేస్తాం.

…వస్తున్నారా! అలా రావాలి దారికి.

బస్సు కార్డు స్టాపు గేటు దగ్గరే చూపించు, బస్సులో కాదు… చేతిలో గులాబీలు నలిగితే నలిగాయిలే!… బి ఒకటి నంబరు బస్సెక్కు. తెలియకుండా ఇంకోటి ఎక్కావంటే, పక్కరోడ్డుకి తిరిగి వేరే పెళ్ళికూతురింట్లో దింపుతుంది.

…ఎక్కారా? ఫోన్ పెట్టకు. మీ కార్లు కనబడుతున్నాయా?… అక్కడే ఉన్నాయా! హహ్హహ్హ!

…అత్తయ్యగారికి సీటిచ్చారా?… ఏంటీ, పెళ్ళి మిఠాయిలు పంచుతున్నారా? బస్సులో అందరికీనా?… డ్రైవరుక్కూడా! ఏయ్, నడిపేటప్పుడు వద్దను, స్టాపులో ఆగాక ఇమ్మను.

…దిగారా? పదీ ముప్పై ఎనిమిది! అమ్మమ్మా, వచ్చేశారే!… హలో, ఉన్నాను. తలుపు అంత తేలిగ్గా తియ్యరు. నా స్నేహితురాళ్ళు అడ్డంగా నిలబడ్డారు. నా చెప్పులు దాచేశారు, నువ్వే వెతకాలి, పాట కూడా పాడాలట… నీ గొంతు సంగతి నాకు తెలుసులే. పాడు!

…అబ్బా, చాలు చాలు! తీసేస్తున్నారు!

…ఆఁ, అత్తయ్యగారూ! మీరా… చెప్పండి… తిరిగి వెళ్ళేటప్పుడూ బస్సేనా? మీరేనా ఈ మాటంటున్నది!

…ఎవరితో అన్నారు?… బస్సులో అందరితోనా?… "మా కోడలు నడిపేది ఇదే బస్సు" అనా…

…లేదండీ, ఏడవడం లేదు. కాటుక మండుతోంది, అంతే… ఫోన్ ఆయనకివ్వండి.

వింగ్‌కిట్, ఇంక పెట్టేయ్. గుమ్మం దాకా వచ్చి ఇంకా ఫోనేంటి? ఆచారం తెలుసుగా, స్టాపుదాకా పెళ్ళికూతురి కాలు నేలకి తగలకూడదు. రెండు చేతులూ ఖాళీగా ఉంచుకో.