కడుక్కోని విభూది

నా పేరు డెల్ఫీనా మెడైరోస్. వయసు పంతొమ్మిదేళ్లు. హామిల్టన్ ఊరి ఉత్తరం వైపు, ఒక బేకరీ మీది గదిలో మూడేళ్ల కొడుకు నూనోతో ఉంటున్నాను. తెల్లవారుజామున ఆ బేకరీలోనే పిండి పిసికి, పది గంటలకు స్కూలుకు వెళతాను. మాది కాథలిక్ బడే, కానీ మామూలు హైస్కూళ్లు వదిలించుకున్నవాళ్లు చదివే చోటు. నాలాంటి పిల్లల తల్లులు, కూలికి పోయేవాళ్లు, జైలు చూసొచ్చినవాళ్లు ఉంటాం. జూన్‌లో నాకు పట్టా రావాలి. అది ఉంటేనే నర్సింగ్ కోర్సులో సీటు.

గెరార్డ్ ట్రెనన్ గారు నా పాత స్కూల్లో వైస్ ప్రిన్సిపాల్. అప్పుడు నాకు పదహారేళ్లు, కడుపుతో ఐదో నెల. నన్నూ మా అమ్మనూ గదిలోకి పిలిచి, "ఇక్కడ నీకు చోటు లేదమ్మాయ్. ఈ మచ్చ కడిగినా పోయేది కాదు" అన్నారు. మా అమ్మ ఆయనకు థాంక్స్ చెప్పింది. ఆయనకు, థాంక్స్ చెప్పింది.

నిన్న విభూది బుధవారం, మా చర్చిలో నుదుట బూడిద బొట్టు పెట్టే రోజు. పూజకు ఆయన అతిథిగా వస్తున్నారని మా మతబోధ టీచరు మిస్ పావ్లిక్ సోమవారమే చెప్పింది. కిందటేడు మట్టల ఆదివారం నాడు పంచిన కొమ్మలు కాల్చి బూడిద చేసింది నేనే. అందులో నూనె చుక్క వేయాలి, నీళ్లు పోయకూడదు, పోస్తే చర్మాన్ని కాల్చే క్షారమవుతుంది. కిందటేడు ఎవరో తెలియక నీళ్లు పోస్తే కొందరికి నుదుట బొబ్బలు లేచాయి. వెంటనే కడుక్కున్నవాళ్లకు ఏమీ కాలేదు.

ఈసారి రెండు గిన్నెలు కలిపాను. పెద్దదానిలో నూనె, చిన్నదానిలో నీళ్లు. చిన్నది ఆయన ఒక్కడికే.

బొట్టు పెట్టేవాళ్లలో నేనూ ఒకదాన్ని. పదకొండున్నరకు ఆయన నా వరుసలోకే వచ్చారు. నన్ను గుర్తుపట్టలేదు. నువ్వు మట్టివి, మట్టిలోనే కలుస్తావు అని చెప్పి బొట్టు పెట్టాలి. నేను చిన్న గిన్నెలో ముంచిన బొటనవేలు ఆయన నుదుట అదిమి పట్టి, "ఈ మచ్చ కడిగినా పోయేది కాదు" అన్నాను. ఆయన కళ్లు మూసుకుని "ఆమెన్" అన్నారు.

అప్పుడైనా కడుక్కోవచ్చు. కడుక్కోరని నాకు తెలుసు. ఆ రోజు మా కాథలిక్కులు బూడిద తుడుచుకోరు, నలుగురికీ కనపడాలి. మంట పుడుతుంటే పుణ్యమేదో వస్తోందనుకుని ఉంటారు. రాత్రికి శిలువ ఆకారంలో కాలిందట, మచ్చ ఉండిపోతుందని డాక్టరు చెప్పారట. విని నా కడుపు చల్లబడింది.

ఈ ఉదయం మిస్ పావ్లిక్ ఈ పోలీసు స్టేషనుకు వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "డెల్, నీకు పుణ్యముంటుందే తల్లీ, పొరపాటున నీళ్లు కలిశాయని చెప్పు. ఆ ఒక్క ముక్క చాలు. పట్టా పోకుండా నేను చూసుకుంటా."

"నూనోని కూడా అందరూ పొరపాటనే అన్నారు మిస్. వాడూ కాదు, ఇదీ కాదు."

ఆవిడ ఏడ్చింది. పట్టా పోతుందని నాకూ ఏడుపొచ్చింది. అయినా ఆ ముక్క చెప్పను.

నా కుడి బొటనవేలు కూడా కాలింది. ఆయన కంటే ముందు కడుక్కోవడం ఇష్టం లేక నేనూ కడుక్కోలేదు. అందుకని ఎడమ చేత్తో సంతకం చేస్తున్నాను. పై సంగతులన్నీ నిజం. కానిస్టేబుల్ గారు నాకు చదివి వినిపించారు. ఏమైనా మార్చాలా అని రెండుసార్లు అడిగారు. ఏమీ మార్చలేదు.

(ఎడమ చేతి సంతకం)
డెల్ఫీనా మెడైరోస్