తడిసినవి ఎండుతాయి

వదినగారూ, గ్రంథాలయ మిత్రులారా, మన గ్రంథాలయం మూడో అంతస్తు మెట్లు ఎన్నడూ ఎక్కకపోయినా ఇవాళ పని మానుకుని వచ్చిన పెద్దలారా! కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. ఆ రోజు మీలో సగం మంది ఆ పై గదిలో ఉన్నా ఈ సంతాప సభ ఉండేది కాదు. కోపంగా మాట్లాడుతున్నానా? అవును, కోపంగానే ఉన్నాను. రోగమొచ్చి పోయిన ప్రాణం కాదు ఆయనది. కొట్టి తీసిన ప్రాణం.

నేను పుస్తకాల బైండర్ని. ఇరవై రెండేళ్లు ఆయన బల్లకి ఎదురుగా కూర్చున్నాను. మాకందరికీ ఆయన జిగురన్న. రష్యన్, పోలిష్, చెక్, ఉక్రేనియన్... ఆ స్లావిక్ భాషల పుస్తకాలన్నీ ఆయన గదిలోనే. నూరేళ్ల కిందట చవక కాయితం మీద అచ్చయినవి. ఆ కాయితంలోనే ఆమ్లం ఉంటుంది, లోపల్నుంచి తినేస్తుంది. పేజీ మూల రెండుసార్లు మడిచారా, విరిగి చేతికొస్తుంది. అన్న ఒక్కో పేజీకి పల్చటి కాయితం జిగురుతో అతికించి, పైన గుడ్డ పరిచి, అరచేత్తో నొక్కి వంద లెక్కపెట్టేవాడు. ఆ వందా అయ్యేదాకా ఎవరూ నోరెత్తకూడదు. దగ్గినా ఊరుకునేవాడు కాదు.

పనిలో చేరిన మూడో రోజు టీ గ్లాసుతో ఆ గదిలోకి వెళ్లాను. చెంప ఛెళ్లుమంది. గ్లాసు గడప మీద బద్దలైంది. "ఈ గదిలో నీటి చుక్క పడిందో, నీ చెయ్యి విరగ్గొడతాను" అన్నాడు. సాయంత్రం తనే కిందికి లాక్కెళ్లి రెండు టీలు తాగించాడు. పొరపాటైందని మాత్రం అనలేదు. ఆ చెంపదెబ్బ గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

ఒకసారి పాలకమండలి పెద్దాయన వచ్చి, "ఎవరూ చదవని చెత్తకి ఇంత చోటెందుకయ్యా, తూకానికి వేసేద్దాం" అన్నారు. అన్న కాయితాలు కోసే కత్తి తీసి బల్లలోకి దించాడు. అది ఊగుతూ నిలబడింది. "ముందు నన్ను తూకం వెయ్యండి" అన్నాడు. పెద్దాయన మెట్లెలా దిగారో ఆయనకే తెలీదు. నవ్వండి, పరవాలేదు. ముందు వరసలో కూర్చుని ఆయనా నవ్వుతున్నారు.

ఇక ఆ రోజు. పట్టపగలు. ఎక్కడో యుద్ధం, ఇక్కడ దానికి నిరసనగా ఊరేగింపు. అందులోంచి పదిహేను మంది విడిపోయి, ఇనప కడ్డీలూ పెట్రోలు సీసాలూ పట్టుకుని పైకొచ్చారు. శత్రువుల పుస్తకాలు తగలబెడతారట. ఒక్క అక్షరం చదవగలరా వాళ్లు? ఏ దేశం మీద బాంబులు పడుతున్నాయని రగిలిపోయారో, ఆ దేశం పుస్తకాలే గుమ్మం పక్కనున్నాయి. మొదట వాటికే నిప్పు పెట్టారు. అన్న అడ్డం పడ్డాడు. మోచెయ్యి విరిగిన చప్పుడు నేను విన్నాను. తల మీద కొట్టారు. లేచాడు. మళ్లీ కొట్టారు. లేచి, మంటల్ని ఉత్త అరచేతులతో ఆర్పబోయాడు.

నేనెక్కడున్నాను? గుమ్మంలో. చేతిలో నిప్పు ఆర్పే నీళ్ల గొట్టం. తిప్పితే చాలు. తిప్పలేదు. భయపడి కాదు, నమ్మండి. ఆ గదిలో నీళ్లు కొట్టడానికి నాకు చెయ్యి రాలేదు. ఇరవై రెండేళ్ల కిందటి చెంపదెబ్బ నా చెయ్యి పట్టుకుంది. నేనలా దిష్టిబొమ్మలా నిలబడ్డ ఆ కాసేపట్లో రెండు బీరువాలు బూడిదయ్యాయి. అన్న ఇంకో నాలుగు దెబ్బలు తిన్నాడు. నోట్లో రక్తంతో అరిచాడు: "కొట్టరా నీళ్లు! తడిసినవి ఎండుతాయిరా, కాలినవి ఏమవుతాయి?" అప్పుడు తిప్పాను. ఆ నీళ్ల దెబ్బకి వాళ్లు పారిపోయారు. అవే నీళ్లు ముందే కొట్టి ఉంటే?

వదినగారూ, పద్నాలుగు రోజులు ఆసుపత్రి వరండాలో మీ పక్కనే కూర్చుని కూడా ఈ మాట చెప్పలేకపోయాను. ఇవాళ అందరి ముందూ చెబుతున్నాను. నన్నేమన్నా పడతాను.

తడిసినవి నాలుగు వందల పన్నెండు. చేపల మార్కెట్టువాళ్ల ఐసు గదిలో గడ్డకట్టించి ఉంచాం, అలాగైతే బూజు పట్టవు. మంచం మీంచి అన్న పురమాయించిన ఏర్పాటే అది. ఒక్కొక్కటే తీసి ఆరబెట్టాలి. రేపు పొద్దున మొదటిది తీస్తాను.

ఇంకొక్క మాట. వెనక గోడ దగ్గర నిలబడ్డవాడా, నిన్ను గుర్తుపట్టాను, ఆ పదిహేను మందిలో ఒకడివి. ఎందుకొచ్చావో తెలీదు. నిన్ను చూడగానే పీక నులిమెయ్యాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తోంది. గుమ్మం బయట పోలీసులున్నారు, తర్వాత వాళ్లతో వెళుదువుగాని. ముందు అందరితోపాటు నిలబడు.

లేవండి అందరూ. ఎదుటి కుర్చీ వీపు మీద అరచెయ్యి ఆనించి గట్టిగా నొక్కండి. గోడ దగ్గరున్నవాళ్లు గోడ మీద. కాలిన చేతులతో అన్న ఇక చెయ్యలేకపోయిన పని ఇది. మనసులో వంద లెక్కపెడదాం.

అయ్యేదాకా ఎవరూ దగ్గకండి.